సహచరుడి నేరం, ఆటగాడి జాలి

లోఘైన్‌ను చంపాలా, జట్టులో చేర్చుకోవాలా? బయోవేర్ సంస్థ 2009లో తెచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' ఆడినవాళ్లలో ఈ ప్రశ్న దగ్గర ఆగనివాళ్లు తక్కువ. ఓస్టగార్ యుద్ధంలో సంకేతం అందాక కూడా సేనను వెనక్కి మళ్లించి, రాజును శత్రువుల మధ్య వదిలేసి వెళ్లిన సేనాని లోఘైన్. ఆ రాజు అతని సొంత అల్లుడే. తర్వాత నింద మన మీదికి నెట్టి, మన తలకు వెల కట్టాడు. యుద్ధానికి డబ్బు కోసం రాజధానిలోని ఎల్ఫ్ వాడ జనాన్ని పరదేశపు బానిస వర్తకులు పట్టుకుపోతుంటే ఒప్పుకున్నాడు. అదే మనిషి పడుచు వయసులో పరాయి పాలన నుంచి దేశాన్ని విడిపించిన వీరుడు. నిండు సభలో ద్వంద్వయుద్ధంలో అతడు ఓడిపోయాక, అతణ్ణి మన వెంట తీసుకువెళ్లే వీలు ఆట ఇస్తుంది. తీసుకున్నామా, మొదటినుంచీ మనతో నడిచిన అలిస్టర్ మొహం తిప్పుకుని వెళ్లిపోతాడు.

రోల్ ప్లేయింగ్ గేముల్లో ఇలా మన పక్కన నడిచే పాత్రలను ఆడేవాళ్లు కంపానియన్లు అంటారు. వీళ్లు మనతో కలిసి పోరాడతారు, రాత్రి క్యాంపులో నెగడు పక్కన కూర్చుని తమ గతం చెబుతారు. మన పనులు చూసి సంతోషిస్తారు, అలుగుతారు. కొందరు మనసిస్తారు, కొందరు మధ్యలోనే విడిచిపోతారు. వీళ్లలో హంతకులు, ద్రోహులు, బానిస వర్తకానికి చేయి కలిపినవాళ్లు ఉన్నప్పుడు వాళ్ల మీద జాలిపడటం సబబేనా అన్నది పాతికేళ్లుగా నలుగుతున్న చర్చ. ఇందులో తత్త్వవేత్తలున్నారు, సాహిత్య విమర్శకులున్నారు, గేములు తయారు చేసేవాళ్లున్నారు, అందరికంటే ఎక్కువగా రాత్రంతా మేలుకుని ఆడే కుర్రకారు ఉన్నారు. ఆ వాదాలన్నిటినీ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. నా తీర్పు ముందే చెబుతాను. ఆ పాత్రలు జాలికి అర్హులే. అయితే వాళ్ల చేతిలో నలిగినవాళ్ల మాట విన్నాకే ఆ జాలికి విలువ వస్తుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఇఫ్లూ, రెండిటి పక్కన తార్నాక. ఈ ముక్కలో విద్యార్థులు ఎప్పుడూ ఏదో ఒక కథ మీద పోట్లాడుకుంటూనే ఉంటారు. హాస్టల్ గదుల్లో, తార్నాక సందుల్లోని షేరింగ్ రూముల్లో ఒకప్పుడు సినిమాల మీద, నవలల మీద నడిచిన వాదాలు ఇప్పుడు గేముల మీద కూడా నడుస్తున్నాయి. 'బాల్డర్స్ గేట్ 3' ఆడాలంటే కంప్యూటర్‌లో 150 జీబీ ఖాళీ కావాలి. అంత చోటున్న లాప్‌టాప్ గదిలో ఒక్కరికే ఉంటుంది, తక్కినవాళ్లు చుట్టూ చేరతారు. ఆడేది ఒకరైనా తీర్పు చెప్పేది నలుగురు. తార్నాక మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ల మాటలు నాకు బాగా గుర్తుండిపోయాయి. ఆ గేములోని కంపానియన్ ఆస్టారియన్ గురించే వాళ్ల గొడవ; అపారమైన శక్తి దక్కాలంటే అతడు ఏడు వేల మందిని బలివ్వాలి.

"రెండొందల ఏండ్లు బానిసగ బతికిండన్నా ఆడు. గా బలం ఆనికి దక్కాల్నె. నేనైతె దగ్గరుండి ఇప్పిచ్చిన."

"మరి గా ఏడు వేల మంది ఏం పాపం చేసిన్రురా?"

"ఆళ్లతోని నాకు పరిచయమే లేదు గదన్నా."

ఈ చర్చలో పండితులు రాసినవి చాలా చదివాను. ఆ కుర్రాడి చివరి మాటలో ఉన్నంత విషయం వాటిలో చాలా తక్కువచోట్ల దొరికింది. పరిచయం ఉన్నవాడి బాధ మనకు అందుతుంది, పరిచయం లేనివాడి బాధ అంకెగా మిగులుతుంది. కంపానియన్ల మీద మన జాలి అంతా ఈ ఏర్పాటు మీదే నిలబడి ఉంది.

ఈ పాత్రలు ఎక్కడినుంచి వచ్చాయో కాస్త చూద్దాం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కాగితం మీద పాచికలతో ఆడే ఆట. అందులో ప్రతి పాత్రకూ ఒక నైతిక ముద్ర ఉండేది: క్రమం, అక్రమం, తటస్థం. తర్వాత దానికి మంచి, చెడు కూడా చేరి తొమ్మిది గళ్ల పట్టిక అయింది. చెడ్డవాడంటే ఆ గడిలో ఉన్నవాడు, అంతే. 1998లో వచ్చిన మొదటి 'బాల్డర్స్ గేట్' ఈ పట్టికను కంప్యూటర్‌లోకి తెచ్చింది. మన పేరుప్రతిష్ఠలు మరీ పెరిగితే చెడ్డ కంపానియన్లు మన మంచితనం భరించలేక జట్టు విడిచి వెళ్లేవాళ్లు. జాలి ప్రశ్న అక్కడ పెద్దగా లేదు. వాళ్లు మన కత్తికి పదును, అంతవరకే.

1999లో బ్లాక్ ఐల్ స్టూడియోస్ తెచ్చిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' ఈ లెక్క తలకిందులు చేసింది. అందులో మన పాత్రకు చావు లేదు. చచ్చినప్పుడల్లా జ్ఞాపకం పోగొట్టుకుని మళ్లీ లేస్తుంది. మన వెంట నడిచే డాకాన్ ఎందుకు నడుస్తున్నాడో తవ్వుకుంటూ పోతే, గత జన్మలో మనమే అతని విశ్వాసం సన్నగిల్లిన వేళ చూసి, ఒక మతగ్రంథం చేతికిచ్చి, ప్రమాణంతో బానిసను చేసుకున్నామని తెలుస్తుంది. నేరం చేసింది కంపానియన్ కాదు, మనమే. ఆటలన్నిటిలోనూ ఇంత నిజాయితీగా ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది మరొకటి లేదని నా అభిప్రాయం. జాలి చూపే హక్కు ఆటగాడికి పుట్టుకతో వచ్చిందేమీ కాదని అది చెప్పింది. ముందు మన చేతుల్లో ఏముందో చూసుకోమంది.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. ఒకవైపు బయోవేర్. అప్రూవల్ అనే అంకెతో కంపానియన్ల మనసు కొలిచింది. బహుమతులిస్తే పెరుగుతుంది, నచ్చని మాట అంటే తగ్గుతుంది. 2010 నాటి 'మాస్ ఎఫెక్ట్ 2'లో ప్రతి కంపానియన్‌కూ ఒక లాయల్టీ మిషన్ ఉంటుంది. అది పూర్తి చేసి వాళ్ల గాయం మాన్పితే చివరి పోరాటంలో బతికే అవకాశం ఎక్కువ, లేకపోతే చచ్చిపోవచ్చు. ఇక్కడ జాలి ఒక పెట్టుబడి అయిపోయింది. గెలవాలంటే అందరి బాధా వినాలి. వినడం మంచిదే, కానీ లాభం కోసం విన్నప్పుడు తీర్పు చెప్పే శక్తి మొద్దుబారుతుంది.

మరోవైపు అబ్సీడియన్. 2004లో వచ్చిన 'స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2'లో క్రేయా అనే వృద్ధురాలు మన గురువు, సహచరి, చివరికి శత్రువు కూడా. నార్ షద్దా వీధుల్లో బిచ్చగాడు చేయి చాస్తాడు. డబ్బిస్తే, ఆ డబ్బు కోసం ఇంకొకడు వాణ్ణి కొడతాడు. కసిరి పంపితే, ఆ కసి వాడు ఇంకో పేదవాడి మీద తీర్చుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ క్రేయా మనల్నే నిలదీస్తుంది. ఆమె చెప్పే పాఠం నాకు పూర్తిగా మింగుడుపడదు. సాయం చేస్తే మనిషి బలహీనుడవుతాడన్న వాదం ఎక్కడ విన్నా అనుమానించాల్సిందే. అయినా ఆ ఘట్టంలో ఒక గొప్ప గుణం ఉంది. మన దయ ఎక్కడిదాకా వెళ్లి ఎవరి మీద పడుతుందో ఆట కళ్లకు కట్టి చూపిస్తుంది. తక్కిన ఆటలు దయ చూపిన క్షణం దగ్గరే తెర దించేస్తాయి.

పండితుల మాటకొస్తే, ఈ ప్రశ్న పూర్వం నుంచీ ఉంది. కవులు చెడ్డవాళ్ల ఏడుపు అందంగా చెప్పి పౌరుల మనసు చెడగొడతారని ప్లేటో భయపడ్డాడు. పూర్తి దుర్మార్గుడి పతనం మీద జాలి పుట్టదు, పూర్తి సజ్జనుడి పతనం చూడలేం, మధ్యరకం మనిషి ఒక పొరపాటుతో కూలిపోతేనే విషాదం పండుతుందని అరిస్టాటిల్ అన్నాడు. 1961లో వేన్ బూత్ 'ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్'లో జేన్ ఆస్టిన్ నవల 'ఎమ్మా'ను తీసుకుని, ఆ అమ్మాయి తప్పులన్నీ కనిపిస్తున్నా మనం ఎందుకు ఆమె వైపే ఉంటామో వివరించాడు. కథలో ఎక్కువ భాగం ఆమె మనసులోంచే చూస్తాం గనుక. 1995లో సినిమా పండితుడు మర్రే స్మిత్ దీన్ని ఇంకాస్త విడదీశాడు. ఒక పాత్ర వెంట కెమెరా నడవడం ఒకటి, ఆ పాత్ర పక్షాన మన మనసు నిలబడటం ఇంకొకటి అన్నాడు. మొదటిది చాలాసార్లు రెండోదానికి దారి తీస్తుంది, తీయాలని మాత్రం ఏమీ లేదు. జేసన్ మిట్టెల్ 2015లో టీవీ ధారావాహికల గురించి రాస్తూ ఇంకో కిటుకు బయటపెట్టాడు. చెడ్డ కథానాయకుడి పక్కన అంతకంటే చెడ్డవాణ్ణి నిలబెడితే మొదటివాడు మనకు మంచివాడిగా కనిపిస్తాడు.

ఆస్టారియన్ విషయంలో ఈ మూడూ పనిచేశాయి. ఎప్పుడూ మన పక్కనే ఉంటాడు. తన మనసు విప్పుతాడు. పైగా అతణ్ణి హింసించిన కజడోర్ పక్కన ఎవరు నిలబడ్డా సాధువే.

మన అలంకారశాస్త్రం దీన్ని మరోవైపు నుంచి పట్టుకుంది. రావణుడు సీత కోసం పడే విరహం శృంగారంలా కనిపిస్తుంది, కానీ అది రసం కాదు, రసాభాస అన్నాడు అభినవగుప్తుడు. సీతకు ఇష్టం లేదన్న సంగతి ఆ విరహం ఎంత అందంగా చెప్పినా చెరిగిపోదు. వెయ్యేళ్ల నాటి ఈ మాట ఇవాళ్టి కంపానియన్ ప్రేమకథలకు అచ్చంగా సరిపోతుందని నా నమ్మకం. ఒక భావం ఎంత తీవ్రంగా ఉందన్నది చాలదు, అది ఎవరి మీద మోపిన భావమో చూడాలి. ఒక్కచోట మాత్రం మన శాస్త్రం ఆగిపోతుంది. సహృదయుడు కూర్చుని చూసేవాడు, ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొస్తుంటే లేచి వెళ్లి ఆపలేడు. ఆటగాడు ఆపగలడు. డెన్మార్క్‌లో పనిచేసిన మిగెల్ సికార్ట్ 2009 నాటి తన పుస్తకంలో ఇదే పట్టుకున్నాడు. ఆటగాడు కూడా నైతిక వివేచన ఉన్న మనిషే, ఆటలో అతడు చేసే పనికి అర్థం ఉందని వాదించాడు. అంటే 'ఆటే కదా' అనే జవాబు చెల్లదు. సినిమాలో దుర్మార్గుడి మీద జాలిపడితే మనసులోనే ఉండిపోతుంది. ఆటలో ఆ జాలితోనే ఏడు వేల మంది ప్రాణాలు అతని చేతిలో పెట్టొచ్చు.

ఇప్పుడు మన ఇంటి కథ. తెలుగువాళ్లకు నైతికంగా రెండుగా నిలిచిన సహచరుడంటే ముందు గుర్తొచ్చేది కర్ణుడు. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో ఎన్టీఆర్ కర్ణుడిగా, దుర్యోధనుడిగా, కృష్ణుడిగా మూడు పాత్రలూ తానే వేసి, దర్శకత్వమూ చేసి, ఆ జాలిని ఇంటింటికీ తీసుకెళ్లారు. సూతపుత్రుడని నలుగురిలో అవమానించడం, పుట్టగానే తల్లి విడిచిపెట్టడం, కవచకుండలాలు కోసి ఇవ్వడం, శాపాలు, చివరికి భూమిలో కూరుకుపోయిన రథచక్రం. ఏది తలచుకున్నా మన గుండె కరుగుతుంది. కర్ణుడి చావుకు కారణాలనేకమని సామెతే పుట్టింది. ఆ సామెతను మనం చాలాసార్లు కర్ణుడికి వకాల్తా పుచ్చుకోవడానికే వాడతాం.

అదే కర్ణుడు సభాపర్వంలో ఏం చేశాడు? అయిదుగురు భర్తలున్న ఆమెకు మానమేమిటని నిండుసభలో అన్నాడు, బట్టలు ఊడదీయమని దుశ్శాసనుడికి చెప్పాడు. అభిమన్యుడిని పలువురు చుట్టుముట్టి చంపినప్పుడు ఆ బాలుడి విల్లు విరిచింది అతడే. గమనించాల్సిందేమిటంటే, ఈ సంగతి మనకంటే వ్యాసుడికి బాగా గుర్తుంది. ఉద్యోగపర్వంలో కృష్ణుడితో మాట్లాడుతూ, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను అన్న పరుషమైన మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానని కర్ణుడి చేతే చెప్పించాడు. ఆ ఒప్పుకోలు ఉంది గనుకే కర్ణుడి మీద జాలికి బలం వస్తుంది. మనం మాత్రం ఒప్పుకోలును వదిలేసి దానగుణాన్నే పట్టుకున్నాం. ద్రౌపది ఎదుట అతడు నోరు తెరిచి ఎప్పుడైనా ఆ మాట అన్నాడా అని అడగలేదు.

కట్టప్పదీ ఇలాంటి కథే. 2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం విడుదలైంది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా దేశమంతా తిరిగింది. చంపడం తప్పా ఒప్పా అని ఎవరూ పెద్దగా అడగలేదు, ఎందుకు అనే అడిగారు. అంటే కారణం ఏదో ఉంటుందని, ఆ కారణం అతణ్ణి కాపాడుతుందని ముందే నమ్మారు. కారణం దొరికింది కూడా: పూర్వుల ప్రమాణంతో సింహాసనానికి కట్టుబడిన బానిస, రాజమాత ఆజ్ఞ. దేవసేన సంకెళ్లలో 25 ఏళ్లు గడిపిన కాలమంతా కట్టప్ప ఆ రాజ్యానికే సేవ చేశాడన్నది ఆ జవాబులో మునిగిపోయింది. గేములు ఆడని మన ఇళ్లలో కూడా కంపానియన్ సమస్య ఇంత లోతుగా పాతుకుంది.

ఇక్కడ క్యాంపస్ చరిత్ర నుంచి ఒక ముఖ్యమైన వాదం వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఓడినవాడి కథ గెలిచినవాడు రాశాడు, కాబట్టి దుష్టుడని ముద్ర వేసినవాడి మాట వినాలి అన్నది ఆ వాదం. తెలుగులో దీనికి గట్టి వారసత్వం ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ', రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం', శూర్పణఖనూ అహల్యనూ సీతకు తోడుగా నిలిపిన ఓల్గా 'విముక్త' ఆ దారిలోవే. 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూలో సూసీ తారు వంటి అధ్యాపకులు ఈ చదువును పెంచారు. కె. లలితతో కలిసి ఆమె 1990ల మొదట్లో రెండు సంపుటాలుగా తెచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం, కె. సత్యనారాయణతో కలిసి తెచ్చిన దక్షిణాది దళిత రచనల సంపుటాలు అడిగే ప్రశ్న ఒకటే: ఈ కథలో ఎవరికి నోరు లేదు? 2013లో ఇఫ్లూలో కొందరు బహుజన విద్యార్థులు అసుర వారోత్సవం జరిపి, పురాణాల్లో ఓడినవాళ్ల వైపు నుంచి మాట్లాడినప్పుడు పెద్ద వివాదమే నడిచింది.

నా అభ్యంతరం ఆ ప్రశ్న మీద కాదు. దాన్ని కంపానియన్‌కు అప్పగించే తీరు మీద. ఆస్టారియన్ తరఫున మాట్లాడేవాళ్లు తరచూ ఇదే వాదం ఎత్తుకుంటారు: పీడితుడు, బానిస, అతని నోరు నొక్కారు. నిజమే, కజడోర్ కోటలో అతని నోరు నొక్కారు. కానీ ఆటలో? ఆటలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆస్టారియనే. అతనికి గొంతునిచ్చిన నీల్ న్యూబన్‌కు 2023 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన పురస్కారం కూడా వచ్చింది. నోరు లేనిది ఆ కోట నేలమాళిగలో దాచిన ఏడు వేల మందికి. ఎవరికి నోరు లేదని అడగడం నేర్పిన క్యాంపస్‌లో చదివి, వినిపిస్తున్న గొంతునే మళ్లీ వినడం ఆ చదువుకు న్యాయం చేయడం కాదు.

ఆ నేలమాళిగను కాస్త దగ్గరగా చూద్దాం. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ఈ ఆటలో ఆస్టారియన్ మొదటి పరిచయంలోనే మన గొంతు మీద కత్తి పెడతాడు. కొన్ని రాత్రుల తర్వాత మనం నిద్రపోతుంటే మెడ మీదికి వంగుతాడు. అప్పుడు తెలుస్తుంది అతడు రక్తం తాగే జాతివాడని. రెండు వందల ఏళ్లు యజమాని ఆజ్ఞ మీద అందంగా మాట్లాడి మనుషులను కోటకు తీసుకెళ్లేవాడు. అతని వీపు మీద యజమాని కోసిన గాట్లు ఒక నరకలిపి ఒప్పందం. ఏడుగురు బానిసల వీపుల మీద దాన్ని ముక్కలు ముక్కలుగా చెక్కాడు. ఆ ఏడుగురినీ, నేలమాళిగలో దాచిన ఏడు వేల మందినీ బలిస్తే యజమానికి అపారమైన శక్తి వస్తుంది. కథ చివర్లో ఆ యాగాన్ని యజమాని బదులు ఆస్టారియన్ పూర్తి చేయొచ్చు. మనం సాయం చేయొచ్చు, వద్దని నచ్చజెప్పొచ్చు.

అక్కడికి వెళ్లే దారిలో గదులున్నాయి. ఒక గదిలో సెబాస్టియన్ అనే యువకుడు ఉంటాడు. చాలా ఏళ్ల కిందట ఆస్టారియన్ తీయటి మాటలకు మోసపోయి వచ్చినవాడు. అతడు చచ్చిపోయి ఉంటాడనే ఆస్టారియన్ అనుకుంటున్నాడు. ఇంకో గదిలో గుర్ తెగ పిల్లలు. సంచార జాతి. వాళ్ల పిల్లలను ఎత్తుకొచ్చింది కూడా ఆస్టారియనే. ఆ పిల్లల కోసం పెద్దలు మన క్యాంపుకే వచ్చి అడుగుతారు. ఈ ఘట్టం మొత్తం ఆటకే తలమానికం అంటాను. ఎందుకంటే అప్పటిదాకా మనం ఆస్టారియన్ కథ అతని మాటల్లోనే విన్నాం. గదిలో ఉన్నవాడు మొదటిసారి ఆ కథను ఇవతలివైపు నుంచి చెబుతాడు. ఆస్టారియన్ మొహం చూడండి అప్పుడు. నవ్వుతూ తప్పించుకునే మాటలు ఆగిపోతాయి. యాగం వద్దనుకున్న ఆస్టారియన్ మీద నాకు కలిగే గౌరవం ఆ గదిలోంచి వచ్చిందే. యాగం పూర్తి చేసుకున్న ఆస్టారియన్ తనను ప్రేమించిన మనిషిని కూడా సొత్తుగా చూసే కొత్త కజడోర్ అవుతాడు. ఈ ఫలితం రచయితల నిజాయితీకి గుర్తు.

లోపం ఇంకోచోట ఉంది. ఏడు వేల మందిలో మనకు పేరుతో, మాటతో పరిచయమయ్యేది కొద్దిమందే. అదీ వంద గంటల ఆటలో చివరి కొన్ని నిమిషాలు. మనస్తత్వవేత్త పాల్ బ్లూమ్ 2016లో రాసిన పుస్తకంలో పరదుఃఖానుభూతిని స్పాట్‌లైటుతో పోల్చాడు. వెలుగు ఎక్కడ పడితే అదే కనిపిస్తుంది, చుట్టూ చీకటే. అందుకని దాన్ని పక్కనపెట్టి వివేకంతో దయ చూపమన్నాడు. నేను అంతదూరం వెళ్లను. వెలుగు వద్దనే బదులు దాన్ని ఇంకో మూలకు కూడా తిప్పమంటాను. ఆటలో వెలుగు తిప్పేది డిజైనర్, అది అతని చేతిలో పనే.

తిప్పినవాళ్లు ఉన్నారు కూడా. 'మాస్ ఎఫెక్ట్ 2'లో మోర్డిన్ సోలస్ అనే శాస్త్రవేత్త క్రోగన్ జాతిలో పిల్లలు పుట్టకుండా చేసే జన్యువ్యాధికి మెరుగులు దిద్దినవాడు. చమత్కారి, దయ గల వైద్యుడు, పాటలు పాడతాడు. అతని లాయల్టీ మిషన్‌లో మనం క్రోగన్ల గ్రహం మీదికే వెళ్తాం. జబ్బు నయం చేసుకోవడానికి ప్రయోగాలకు ఒప్పుకుని చనిపోయిన క్రోగన్ స్త్రీ శవం ఎదుట అతడు నిలబడతాడు. అప్పటిదాకా గడగడా చెప్పిన లెక్కలు అక్కడ తడబడతాయి. 2012 నాటి మూడో భాగంలో క్రోగన్ స్త్రీ పాత్ర నోరు విప్పి మాట్లాడుతుంది. మోర్డిన్ మందు గాలిలో కలపడానికి గోపురమెక్కి ప్రాణం వదిలితే, ఆ చావుకు అర్థం ఆమె ఉండబట్టే వచ్చింది. 2010 నాటి 'ఫాలౌట్: న్యూ వేగస్'లో బూన్ అనే సైనికుడు బిట్టర్ స్ప్రింగ్స్ దగ్గర ఆడవాళ్ల మీద, పిల్లల మీద, ముసలివాళ్ల మీద కాల్పులు జరిపినవాళ్లలో ఒకడు. అతని బాధ మాన్పాలంటే ఆ చోటికే తీసుకెళ్లాలి. అక్కడ ఇప్పుడు కాందిశీకుల శిబిరం ఉంది. ఆట అతణ్ణి క్షమించమని మనల్ని అడగదు. అక్కడ ఒక రాత్రి గడపమంటుంది. నాకు అది సరైన కొలత అనిపిస్తుంది.

'డ్రాగన్ ఏజ్ 2'లో ఆండర్స్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మాంత్రికుల అణచివేత మీద అతని కోపం న్యాయమైనదే. కానీ తనకు వైద్యం కోసమని అబద్ధమాడి మన చేతే సరుకులు తెప్పించుకుని, దాంతో గుడిని పేల్చేస్తాడు. అందులో శాంతి కోసం పాటుపడిన వృద్ధ మతాధికారిణి కూడా పోతుంది. మన జాలినే ఆయుధం చేసుకున్నవాడు అతడు. ఆశయం మంచిదని ఆండర్స్‌ను సమర్థించేవాళ్లు ఈ మోసాన్ని ఎప్పుడూ పక్కన పెడతారు. మనల్ని మోసం చేసి మన చేతికి రక్తం అంటించినవాడికి జాలి చూపాల్సిన బాధ్యత మనకు లేదు. చూపితే అది మన ఇష్టం.

లోఘైన్ విషయంలో ఆట ఆడేవాడి పుట్టుకను బట్టి తీర్పు మారడం చాలామంది గమనించరు. ఆటను మనం నగరపు ఎల్ఫ్‌గా కూడా మొదలుపెట్టొచ్చు. అప్పుడు అతడు బానిస వర్తకులకు వదిలేసినవాళ్లు మన వాడవాళ్లు, మన బంధువులు. రాజవంశీకుడిగా ఆడి లోఘైన్‌ను దేశభక్తుడని క్షమించినవాళ్లు ఎల్ఫ్‌గా ఇంకోసారి ఆడి చూడాలి. ఆ ఆటలో అతణ్ణి వదలడానికి నా చేయి రాదు. రాజకోటలో పెరిగినవాడి క్షమ, వాడలో పెరిగినవాడి క్షమ ఒకే తక్కెడలో తూగవు. కులం ఉన్న దేశంలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఇదంతా చూశాక నాకు తేలింది ఇంత. కంపానియన్ బాధ నిజమైనదైతే జాలి దక్కాలి. దాంతో పాటు శిక్ష తప్పాలన్న నియమం లేదు. జాలి చూపినందుకు ఆట మనకు బలమో, ప్రేమో, మంచి ముగింపో బహుమానంగా ఇస్తే ఆ జాలిని అనుమానించాలి. అలిస్టర్ వెళ్లిపోయినట్టు ఏదో ఒకటి పోగొట్టుకుని చూపిన జాలి నమ్మదగింది. అన్నిటికంటే ముందు, బాధితుడికి ఆ కథలో ఒక పేరు, ఒక గొంతు, మనకు జవాబు చెప్పే అవకాశం ఉండాలి. అవి లేని ఆటలో కంపానియన్ మీద జాలి రచయిత మన చేత పలికించిన మాటే.

చివరగా ఈ క్యాంపస్‌వాళ్లకు ఒక మాట. బయోవేర్ యజమాని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు మన హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది. ఇక్కడ చదివినవాళ్లు అలాంటి చోట్ల కోడ్ రాస్తున్నారు, బొమ్మలు గీస్తున్నారు. కథలు రాసే కుర్చీల్లోనూ కూర్చోవాలి. ఉస్మానియా తెలుగు శాఖలోనో, ఇఫ్లూ తరగతుల్లోనో 'కన్యాశుల్కం' గిరీశం మీద రాసినంత శ్రద్ధగా ఆస్టారియన్ మీద తెలుగులో ఒక పరిశోధన వ్యాసం రాయండి. మీలో ఎవరైనా గేము తయారు చేస్తుంటే, క్యాంపులో నెగడు పక్కన నేరం చేసినవాడికి ఒక చోటు వేసినప్పుడు అతని చేతిలో దెబ్బతిన్నవాళ్లలో ఒకరికి కూడా ఎదురుగా చోటు వేయండి. సెబాస్టియన్‌ను చివరి కొన్ని నిమిషాలకు దాచకండి, మొదటి రోజే తీసుకురండి.